చిట్టి కుక్కకు ఏ బడి?

"కుక్కకు బడేంది బిడ్డా! ఎవరన్న ఇంటే నవ్వుతరు."

కుక్కపిల్లకు ట్రైనింగ్ మాటెత్తితే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంట్లో పెద్దవాళ్ల నుంచి ముందుగా వచ్చే జవాబు ఇదే. ఆ పిల్ల ఏ లాబ్రడారో జర్మన్ షెపర్డో అయితే కొంత నయం. రేపు పెద్దయ్యాక ఆపలేమేమోనన్న భయంతోనైనా ఎవరో ఒకర్ని వెతుకుతారు. ఒళ్లో పట్టే పొమేరియనో, పగ్గో, షిట్జువో అయితే ఆ ఆలోచనే రాదు. గుర్రుమంటే ముద్దు. పంటితో వేలు పట్టుకుంటే ఇంకా ముద్దు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడి మీదికి ఎగిరితే 'మావాడికెంత పౌరుషమో' అని మురిసిపోవడం!

ఏడాది తిరిగేసరికి కథ మారుతుంది. చుట్టాలొస్తే దాన్ని గదిలో పెట్టి గడియ వేయాలి. గోళ్లు తీయబోతే కరుస్తుంది. మంచం కింద పడ్డ బంతి కోసం పాప చెయ్యి పెడితే ఆ చేతినీ కరుస్తుంది. తర్వాత జరిగేది తెలిసిందే. మేడ మీద ఓ మూల గొలుసు, లేదంటే 'పొలం కాడ ఉంటది తియ్' అని ఎవరికో అప్పగింత. దివాన్ మీద దిండేసుకుని పెరిగిన ఐదారు కిలోల కుక్క, పొలం కాడ ఊరకుక్కల మధ్య ఎన్నాళ్లుంటుంది?

పెద్ద కుక్కల కంటే చిన్నవే నయమనుకుంటాం కదా. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు వేలమంది యజమానుల్ని ప్రశ్నలడిగి, ఏ జాతి కుక్కలు మనుషుల మీదికి ఎక్కువగా వెళుతున్నాయో లెక్క తీశారు. ముందు వరుసలో నిలిచినవి డాషౌండ్, చివావా, జాక్ రసెల్ టెర్రియర్. మూడూ చిన్నవే! పుట్టుకతో వచ్చే తేడాలు కొన్ని ఉండొచ్చు. కానీ 2010లో ఆస్ట్రియాలోని వియన్నాలో జరిగిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. చిన్న కుక్కల యజమానులు వాటితో ఆడేదీ తక్కువే, నేర్పేదీ తక్కువే. పైగా ఇవాళ ఒప్పుకున్న పనిని రేపు తప్పంటారు. అలాంటి ఇళ్లలోనే కుక్కలకు కోపమూ భయమూ ఎక్కువగా కనిపించాయి.

అసలు తేడా ఎక్కడుందో మన ఇళ్లలో ఒక్క పూట గమనిస్తే చాలు, తెలిసిపోతుంది. పెద్ద కుక్కనైతే పిలుస్తాం. చిన్న కుక్కను ఎత్తేస్తాం. సోఫా దిగమనాల్సిన చోట చంకలో చెయ్యేసి దింపేస్తాం. తలుపు దగ్గర ఆగమనాల్సిన చోట ఎత్తుకుని పక్కకు పెడతాం. దానివైపు నుంచి చూడండి. ఎప్పుడు ఎటునుంచి ఏ చెయ్యి దిగుతుందో తెలీదు. వద్దని మొహం తిప్పుకుంటుంది, పెదవి నాక్కుంటుంది, ఒళ్లు బిగబట్టుకుంటుంది. ఎవరూ చూడరు. గుర్రుమంటుంది. అందరూ నవ్వుతారు. ఇక దానికి మిగిలింది పళ్లే.

కాబట్టి బుజ్జికుక్కకు బడి చూసేటప్పుడు షేక్‌హ్యాండ్ ఇస్తుందా, పేపరు తెస్తుందా అన్న లెక్కలు పక్కన పెట్టండి. మనిషి చెయ్యంటే భయం లేకుండా, నాలుగు కాళ్ల మీద నేల మీద నిలబడి లోకాన్ని చూడటం నేర్పేదే దానికి తగిన బడి.

గడువు నెలన్నరే

ఈ చదువుకు ఓ గడువుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి 1965లో పుస్తకం రాశారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే అది 'మామూలే' అనుకుంటుందని వాళ్లు తేల్చారు. ఇప్పటి పశువైద్యులు పద్నాలుగు వారాల దాకా అంటున్నారు. ఆ తర్వాత నేర్చుకోదని కాదు. కొత్తది కనబడితే దగ్గరికెళ్లి వాసన చూసే బుద్ధి తగ్గి, అనుమానం ముందుకొస్తుంది.

మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. కళ్లు తెరిస్తే చాలు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో! సరే, ఎనిమిది వారాలకు ఇంటికొచ్చిందనుకుందాం. మిగిలింది నెలన్నర. అందులో సగం పేరు పెట్టడానికే సరిపోతుంది. చివరికి అందరూ వెళ్లి వెళ్లి స్నూపీ దగ్గరే ఆగుతారు, అది వేరే సంగతి.

ఇక్కడే ఓ చిక్కుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను బయటికి తీసుకెళ్లొద్దంటారు. అందులో న్యాయముంది. పార్వో సోకితే వాంతులు, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కానీ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు మూడు నాలుగు వారాలకోటి చొప్పున పదహారు వారాల దాకా సాగుతాయి. అప్పటికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఈ చిక్కు మీద అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లో ఓ మాట చెప్పింది. మొదటి టీకా, నులిపురుగుల మందు పడి వారం దాటితే, ఏడెనిమిది వారాల వయసు నుంచే కుక్కపిల్లను క్లాసుకు పంపొచ్చని. షరతులున్నాయి. క్లాసుకొచ్చే ప్రతి పిల్లకూ టీకాలు పడుతూ ఉండాలి. నేల కడగడానికి వీలుగా శుభ్రంగా ఉండాలి. వీధికుక్కలు తిరిగే మైదానం పనికిరాదు. మీ ఊళ్లో పార్వో ఇప్పుడు ఎలా ఉందో మీ పశువైద్యుడికి తెలుస్తుంది కాబట్టి ఆయన్ను అడిగాకే గడప దాటండి. క్లాసువాళ్లు మొదటిరోజే టీకాల కార్డు చూపించమన్నారా, ఆ చోటుకు మొదటి మార్కు వేసేయండి. అడగలేదా, వెనక్కి తిరగండి.

అన్నట్టు, ఈ పప్పీ క్లాసులు మరీ పాతవేం కాదు. అంతకుముందు ఆరు నెలలు నిండితేగానీ కుక్కకు పాఠం మొదలుపెట్టే అలవాటు లేదు. 1980ల మొదట్లో ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాలిఫోర్నియాలో పసిపిల్లలకే, అదీ గొలుసు విప్పి ఆడుకోనిచ్చే క్లాసులు పెట్టాక దారి మారింది.

మన దగ్గర దొరికేవి

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో వారం వారం నాలుగైదు పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పే క్లాసులు వెతుక్కోవాల్సిందే. ఎక్కువగా దొరికేవి మూడు దారులు. ఇంటికొచ్చి నేర్పే ట్రైనరు, నెలా రెండు నెలలు తన దగ్గరే ఉంచుకునే 'హాస్టల్', లేదంటే హైదరాబాద్ ప్రయాణం.

హాస్టల్ సంగతి ముందు. బిజీగా ఉండే ఇళ్లకు ఇది భలే సులువుగా కనిపిస్తుంది. కుక్కనిచ్చేయడం, ఫీజు కట్టేయడం, నేర్చుకున్న కుక్కను తెచ్చుకోవడం. ఒక్కసారి పోలీసు జాగిలాల వైపు చూడండి. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లో పోలీసు శాఖ వారి ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీ ఉంది. వేరే రాష్ట్రాల జాగిలాలూ అక్కడికొచ్చి నేర్చుకుంటాయి. నెలల తరబడి సాగే ఆ శిక్షణలో కుక్క ఒక్కటే ఉండదు. రేపు దాన్ని చూసుకోబోయే హ్యాండ్లరూ పక్కనే ఉండి నేర్చుకుంటాడు. ఇద్దరూ కలిసే పరేడ్ చేసి బయటికొస్తారు. బాంబులు పసిగట్టే కుక్కకే తన మనిషి పక్కన లేనిదే చదువు సాగదంటే, మన ఇంటి పగ్గును రెండు నెలలు ఎవరి దగ్గరో వదిలేస్తే అది ఎవరి మాట వింటుంది? పైగా ఆ వయసులో అది మీ ఇంటి మనుషుల్ని, మీ ఇంటి చప్పుళ్లను అలవాటు చేసుకోవాలి. చిన్న జాతి పిల్ల విషయంలో హాస్టల్‌కు నా ఓటు లేదు.

ఇంటికొచ్చే ట్రైనరు మంచివాడైతే సగం పని అయిపోయినట్టే. కానీ మంచివాడో కాదో తేల్చుకోవడం మీ పనే. కారు నడపడానికి లైసెన్సు కావాలి గానీ 'డాగ్ ట్రైనర్' అని కార్డు కొట్టించుకోవడానికి మన దేశంలో ఏ పరీక్షా రాయనక్కర్లేదు. పోలీసు కుక్కలతో పనిచేసి వచ్చానన్నాడనుకోండి, గౌరవించండి. ఆపైన ఒక్క ప్రశ్న వేయండి: "ఐదు కిలోల లోపు కుక్కలకు ఎన్నిటికి నేర్పారు? వాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి చూడొచ్చా?" నేర్పినవాడు నంబరిస్తాడు. నేర్పనివాడు 'ఏ కుక్కైనా ఒకటే సార్' అంటాడు.

కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారని కూడా అడగండి. మెడకు చోక్ చైన్ వేసి గుంజుతానన్నా, వెల్లకిలా పడేసి తొక్కిపెడితే 'బాస్ ఎవరో' తెలుస్తుందన్నా, చాయ్ ఇచ్చి పంపేయండి. ఈ బాస్ సిద్ధాంతం తోడేళ్ల నుంచి వచ్చింది. 1970లో తన పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే తర్వాత అడవిలో తోడేళ్ల కుటుంబాల్ని చూసి ఆ మాట సరికాదన్నాడు. పోర్చుగల్‌లో ఏడు శిక్షణ కేంద్రాలకు చెందిన 92 కుక్కల్ని పరిశీలించి 2020లో ఓ నివేదిక అచ్చేశారు. గుంజి, అరిచి నేర్పిన చోట కుక్కల ఉమ్మిలో ఒత్తిడి హార్మోను పెరిగింది. తాయిలం పెట్టి నేర్పిన చోట అలా కాలేదు.

చిన్న కుక్క విషయంలో ఇది ఒట్టి దయ కాదు, ఒంటికి సంబంధించిన సంగతి. పొమేరియన్ లాంటి చిట్టి జాతుల్లో గొంతులోని గాలిగొట్టం మెత్తబడి అణిగిపోయే జబ్బు తరచుగా కనిపిస్తుంది. మెడ పట్టీ గుంజిన కొద్దీ బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. వీటికి ఛాతీ చుట్టూ తొడిగే బాడీ బెల్టే మేలు. డాషౌండ్‌ను వెనక కాళ్ల మీద నిలబెట్టి 'నమస్తే' పెట్టించే ట్రైనరుంటే దాని పొడవాటి నడుము గురించి ఆయనకు తెలియనట్టే. ఇక జంతుహింస నివారణ చట్టం 1960 నుంచీ ఉంది. కుక్కను కొట్టడం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు! చట్టం భయంతో కర్ర కింద పడేసే ట్రైనరు ఎవరూ ఉండరు గనక ఆ కాపలా మీరే కాయాలి.

కుర్చీ కింద దాక్కున్న పిల్ల

హైదరాబాద్ వెళ్లగలిగినవాళ్లకు క్లాసులు ఉన్నాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. రానూపోనూ రెండొందలు. వారం వారం పసిపిల్లతో అంత తిరగడం దానికీ మీకూ శిక్షే. మూడు నాలుగు క్లాసులకు మాట్లాడుకుని, అక్కడ మీరు నేర్చుకుని, మిగతాది ఇంట్లో చేసుకోవడం మేలు. బయల్దేరే ముందు రెండు గంటల వ్యవధి ఉండేలా కొంచెం తిండి పెట్టండి. మరీ చిట్టి పిల్లల్ని పొద్దస్తమానం ఖాళీ కడుపుతో ఉంచితే ఒంట్లో చక్కెర పడిపోయి తూలిపోతాయి.

ఎక్కడికెళ్లినా మొదటిసారి కుక్కపిల్ల లేకుండా వెళ్లండి. ఓ మూల కూర్చుని గంటసేపు చూడండి. చూడనివ్వమంటే అక్కడితో సరి. చూడనిస్తే ట్రైనరు మాటలు వినకండి, పిల్లల తోకలు చూడండి. అన్నిటికంటే చిన్న పిల్ల ఎక్కడుందో వెతకండి. మూడు నెలల లాబ్రడారు పది కిలోల దాకా తూగుతుంది. అదే వయసు పొమేరియన్ రెండు కిలోలుండదు. ఆటలో ఒక్క గెంతు మీద పడితే దాని సన్నటి ముంగాలు విరగొచ్చు. విరక్కపోయినా పెద్ద కుక్కలంటే జన్మంతా హడలిపోవచ్చు. అందుకే అది చాలాసార్లు ఎవరిదో కుర్చీ కింద దూరి ఉంటుంది.

అప్పుడు ట్రైనరు ఏం చేస్తాడు? 'అలవాటవుతుంది లెండి' అంటూ బెల్టు పట్టి మధ్యలోకి లాగితే లేచి వచ్చేయండి. లాబ్రడారును అటువైపు పంపి, తను నేల మీద కూర్చుని, చెయ్యి కింద పెట్టి, అదే బయటికొచ్చే దాకా ఆగితే ఫీజు కట్టేయండి. మరో ప్రశ్నే అక్కర్లేదు.

ఆ తర్వాత చిన్న చిన్న సంగతులు. ఒక ట్రైనరుకు పది పన్నెండు కుక్కలుంటే మీ పిల్ల వంతు రాదు. పిల్లల్ని, పెద్దవాళ్లను కూడా క్లాసుకు రానిచ్చేదైతే మంచిది. చెవులు, పంజాలు, నోరు తాకించుకోవడం అలవాటు చేస్తారా, రేపు సూది వేసే డాక్టరుకు, గోళ్లు తీసే మనకు అదే అక్కరకొస్తుంది. తాయిలం పెసరగింజంత ఉండాలి. ఉడికించిన ఉప్పులేని చికెన్ ముక్క గిల్లి పెడితే బజారు బిస్కెట్లేవీ అక్కర్లేదు.

మన ఎండల మాటేమిటి? మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిదిలోపు, లేదా పొద్దుగూకాక తప్ప క్లాసు పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. 2003లో హచ్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్గును చూసి దేశమంతా పగ్గుల మీద పడింది గానీ, చప్పిడి ముక్కుతో ఆ జీవి ఎండలో ఊపిరాడక ఎంత అవస్థ పడుతుందో ఆ ప్రకటనలో లేదు. నల్లగొండ మే నెల దానికోసం పుట్టింది కాదు. మనం పొమేరియన్ అని పిలుచుకునేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. అవి కొంత తట్టుకుంటాయి. వాటికైనా సిమెంటు రోడ్డు మీద పంజాలు కాలతాయి.

ఇంట్లో ఒకటే మాట

ఎంత మంచి బడి అయినా వారానికి గంటే. మిగతా వారమంతా ఇల్లే. నాయనమ్మ 'కూసో' అంటుంది. నాన్న 'కూర్చో' అంటాడు. ఇంగ్లిష్ మీడియం కొడుకు 'సిట్ డౌన్' అంటాడు. కుక్కకు భాషాభిమానం లేదు, ఏ భాషైనా ఒకటే. కానీ ఒక పనికి ఒకే మాట ఉండాలి. అందరి నోటా తిరిగేది 'కూసో' అయితే అదే ఖాయం చేసి ట్రైనరుకూ చెప్పండి. సోఫా ఎక్కొచ్చా లేదా అన్నదీ అంతే, ఏదో ఒకటి తేల్చుకోండి. ఎత్తుకునే ముందు 'ఎత్తుకుంటా' అని చెప్పి, పక్కనుంచి చెయ్యి పెట్టి, ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కింద ఒక చెయ్యి వేసి లేపండి. నాలుగు రోజుల్లో ఆ మాట వినగానే అదే ఒళ్లు సర్దుకుంటుంది. పదేళ్ల లోపు పిల్లలు కింద కూర్చునే ఒళ్లోకి తీసుకోవాలి. గుర్రుమంటే కొట్టకండి. అది ముందస్తు హెచ్చరిక. ఆ నోరు మూయిస్తే ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

ఇంట్లో పెరిగిన పసిపిల్ల పన్ను గీరినా తేలిగ్గా తీసుకోవద్దు. పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఏటా జులై 6న, జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో లూయీ పాశ్చర్ ఓ బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించిన రోజది.

టీకాల కోసం ఆస్పత్రికి వెళ్లినప్పుడు చుట్టూ చూడండి. మీలాగే ఒళ్లో చిట్టి పిల్లతో కూర్చున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. బడి దొరకని ఊళ్లో బడి పెట్టుకోవడానికి ఆ ముగ్గురు చాలు. టీకాలు పడుతున్న, నాలుగు నెలల్లోపు పిల్లలు మూడు నాలుగు. కడిగి ఆరబెట్టిన మేడ. పొద్దున ఏడు గంటలకు ముప్పావు గంట. మేడ మీదికి కోతులొచ్చే కాలనీ అయితే కింద వరండా. ఒకరి పిల్లను ఒకరు పిలిచి, తాయిలం పెట్టి, చెవి తాకి, పంజా పట్టుకుని వదలాలి. తలపాగా చుట్టిన తాత, గొడుగు పట్టిన అమ్మమ్మ, హెల్మెట్ పెట్టుకున్న బాబాయి, చేతికర్ర, చీపురు అన్నీ పిల్లల ముందు నుంచి నడవాలి. ఫోన్లో డప్పు చప్పుడు, పెళ్లి బ్యాండు, దీపావళి టపాసులు బాగా తగ్గించి పెట్టి, తాయిలం తింటున్నాయో లేదో చూడాలి. తినడం ఆపిందంటే సౌండ్ ఎక్కువైందన్నమాట. ఆడుకోనిచ్చేది ఇద్దరిద్దర్నే, సైజు చూసి. ఒకటి దాక్కుంటే రెండోదాన్ని పట్టుకోవాలి.

మీ డాక్టరు ఓ ఆదివారం వచ్చి పది నిమిషాలు చూసి వెళితే ఇంకా మంచిది. చాలామంది కాదనరు. వాళ్లక్కూడా మూతి కట్టకుండా సూది వేయగలిగే కుక్కలే కావాలి.